స్వయమా, ఎంఐటీనా?

మా చెల్లెలు కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో కాలేజీకి వెళ్లొస్తుంది. సైకాలజీ నేర్చుకోవాలని దానికి సరదా పుట్టింది. డబ్బు పెట్టేది లేదని ముందే చెప్పేసింది.

అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాలను ఉచితంగా పెట్టే వెబ్‌సైట్ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో లాగిన్ కూడా అక్కర్లేదు. సంగీతం, సాహిత్యం, ఫిజిక్స్, ఏది కావాలంటే అది తెరుచుకోవచ్చు. అక్కడి ప్రొఫెసర్ జాన్ గాబ్రియెలీ 2011లో చెప్పిన సైకాలజీ పాఠాలు రాత్రి వైఫైలో దించుకుని, పొద్దున రైల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటోంది. సర్టిఫికెట్ ఇవ్వరు, ఎందుకు ఆపేశావని అడిగేవాళ్లూ ఉండరు. నేనైతే నాలుగో పాఠం దగ్గరే ఆగిపోయాను, అది వేరే సంగతి.

2017లో మొదలైన మన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వెబ్‌సైట్ స్వయంలో అలా కాదు. అందులో ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సులకు వారం వారం అసైన్‌మెంట్, గడువు, దాంతో కాస్త టెన్షన్. పాఠాలు ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. మార్కుల్లో 25 శాతం అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు. కాలేజీ ఒప్పుకుంటే క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి.

దాని బద్ధకం నాకు తెలుసు కాబట్టి స్వయంలోనే చేర్పించాను. రైల్లో మాత్రం ఇప్పటికీ గాబ్రియెలీయే.