నీళ్ల అథారిటీ: సొంతంగా కట్టుకోవడమా, ఉన్నదాన్ని పంచుకోవడమా?

నీళ్ల బిల్లు పెరిగినప్పుడల్లా మిషిగన్‌లో నోవై, కాంటన్ వైపు ఉండే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. డెట్రాయిట్ వ్యవస్థ నుంచి బయటికొచ్చి, పక్క ఊళ్లతో కలిసి సొంత అథారిటీ, అంటే నీళ్ల సరఫరా నడిపే ఉమ్మడి సంస్థ, పెట్టుకుంటే మేలు కదా అని. పెట్టడం కష్టం కాదు. 1955 నాటి రాష్ట్ర చట్టం కింద, చేరే ప్రతి ఊరి పాలకవర్గం తీర్మానం చేసి ఉమ్మడి నిబంధనలకు ఒప్పుకుంటే చాలు. సొంతంగా కట్టుకున్నదీ, ఉన్నదాన్ని పంచుకున్నదీ, రెండు రకాల అథారిటీలూ ఇక్కడే ఉన్నాయి.

సొంత దారికి ఉదాహరణ కరెగ్నాండీ వాటర్ అథారిటీ. 2010లో జెనెసీ, లపీర్, సానిలాక్ కౌంటీలు, ఫ్లింట్, లపీర్ నగరాలు కలిసి పెట్టుకున్నాయి. హ్యూరాన్ సరస్సు నుంచి సొంత పైపులైను, దాని కోసం బాండ్లు (అప్పు), ఆ బాండ్లలో ఒక్కో సభ్యుడికి ఒక వాటా. రేటు మన చేతిలో ఉంటుందన్నది దీని ఆకర్షణ. అది నిజమే. కానీ పైపు పూర్తయ్యేదాకా నీళ్లెక్కడివి? జెనెసీ కౌంటీ డెట్రాయిట్ నుంచే కొంటూ ఓపిక పట్టింది. ఫ్లింట్ అప్పుడు, ఎన్నికైన కౌన్సిల్ బదులు, రాష్ట్రం నియమించిన ఎమర్జెన్సీ మేనేజర్ చేతిలో ఉంది. అక్కడ 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీళ్లకు మారారు. పైపులు తినేయకుండా కలపాల్సిన రసాయనం కలపలేదు. పాత పైపుల్లోని సీసం పిల్లలు తాగే నీళ్లలోకి చేరింది. 2015 అక్టోబరులో మళ్లీ డెట్రాయిట్ నీళ్లే తీసుకున్నారు. తర్వాత 30 ఏళ్ల కాంట్రాక్టు కూడా రాసుకున్నారు. ఈ తప్పు కరెగ్నాండీది కాదు, మధ్యకాలానికి ఏర్పాటు చేయని నిర్ణయానిది.

రెండోది గ్రేట్ లేక్స్ వాటర్ అథారిటీ. డెట్రాయిట్ దివాలా సమయంలో కుదిరింది, 2016 జనవరి 1 నుంచి నడుస్తోంది. పైపులు, ప్లాంట్లు డెట్రాయిట్ ఆస్తే, అథారిటీ వాటిని లీజుకు తీసుకుని నడుపుతుంది. నీటికీ మురుగునీటికీ కలిపి ఏడాదికి 5 కోట్ల డాలర్ల లీజు, 40 ఏళ్లకు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది దీని ఓట్ల లెక్క. బోర్డులో ఆరుగురు: డెట్రాయిట్ మేయర్ వేసేవారు ఇద్దరు, వేన్, ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల నుంచి ఒక్కొక్కరు, గవర్నర్ మనిషి ఒకరు. రేట్లకు, బడ్జెట్‌కు ఐదు ఓట్లు కావాలి. అంటే డెట్రాయిట్ ఒంటరిగా రేటు పెంచలేదు, మిగతా నలుగురూ ఒక్కటైనా డెట్రాయిట్‌ను తోసేసి పెంచలేరు. అంతకుముందు ఏళ్ల తరబడి సబర్బుల గొడవ దీని గురించే. కట్టేవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లు, బోర్డులో మాత్రం చాలాకాలం డెట్రాయిట్‌దే ఆధిక్యం.

లోటు లేదనను. నోవైకి సొంత కుర్చీ లేదు, ఓక్లాండ్ కౌంటీ మనిషే మన మనిషి. ఒకే వ్యవస్థ మీద ఆధారపడితే, 2022 ఆగస్టులో 120 అంగుళాల పైపు పగిలినప్పటిలా ఎన్నో ఊళ్లు ఒకేసారి నీళ్లు కాచుకోవాల్సి వస్తుంది. అయినా నా ఓటు దీనికే.

సొంత బోర్లు చిన్న టౌన్‌షిప్‌లకు సరిపోతాయి. ప్రైవేటు కంపెనీకి అమ్మేస్తే రేటు మీద మన ఊరి పట్టు సడలుతుంది కాబట్టి అటు వెళ్లక్కర్లేదు.

మీ కౌన్సిల్ సొంత అథారిటీ వైపే మొగ్గుతుంటే, మీటింగుకు వెళ్లి రేటు కంటే ముందు రెండు అడగండి: పైపు పూర్తయ్యేదాకా నీళ్లిచ్చే కాంట్రాక్టు మీద సంతకమైందా? మధ్యలో మనం తప్పుకుంటే బాండ్ల వాటా ఎవరు కడతారు?