అప్‌వర్క్ రివ్యూ: డబ్బు సంగతి సైట్ చూసుకుంటుంది, మనిషి సంగతి మీరే చూసుకోవాలి

ఫ్రీలాన్సర్లని, అంటే ఉద్యోగంగా కాకుండా విడి విడిగా పనులు చేసిపెట్టేవాళ్లని, ఆన్‌లైన్‌లో కుదుర్చుకునే సైట్ అప్‌వర్క్. పని ఇచ్చేవాళ్ల (క్లయింట్ల) వైపు నుంచి రాస్తున్న రివ్యూ ఇది. పని వెతుక్కునేవాళ్ల కష్టాలు వేరు, వాటికి ఇంకో రివ్యూ కావాలి.

ఈలాన్స్, ఓడెస్క్ అనే రెండు పాత సైట్లు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అనే పేరు పెట్టుకున్నాయి. డబ్బు లావాదేవీల వరకు దీని ఏర్పాటు గట్టిది. సొమ్ము ఎక్కడ జమ చేయాలి, ఎప్పుడు విడుదలవుతుంది, పేచీ వస్తే ఎవరిని అడగాలి అన్నీ రాతలో ఉంటాయి. సరైన మనిషిని ఏరి ఇవ్వడంలో మాత్రం ఇది చేసే సాయం తక్కువ. చేస్తున్నట్టు కనిపించడమే అసలు చిక్కు. బ్యాడ్జీలు, శాతాలు, నక్షత్రాలు చూడగానే సగం నిర్ణయం అయిపోయిందనిపిస్తుంది.

జాబ్ సక్సెస్ స్కోర్ సంగతే తీసుకోండి. ఫ్రీలాన్సర్ పాత పనులు ఎంత బాగా ముగిశాయో సైట్ శాతంలో చెప్పే లెక్క అది. కాంట్రాక్టు ముగిసినప్పుడు క్లయింట్ అందరికీ కనిపించేలా నక్షత్రాలు ఇస్తాడు. దాంతో పాటు ఫ్రీలాన్సర్‌కి కనిపించకుండా సైట్‌కి మాత్రమే చెప్పే అభిప్రాయం ఒకటుంటుంది. స్కోరు లెక్కలో ఆ రెండోదానికీ వాటా ఉంది. నక్షత్రాలన్నీ ఐదుకి ఐదు ఉండి స్కోరు మాత్రం ఎనభైల్లో ఆగిందంటే, ఎవరో మొహమాటానికి నక్షత్రాలు ఇచ్చి లోపల వేరే మాట చెప్పి ఉండొచ్చు. అంతమాత్రాన ఆ ప్రొఫైల్‌ని పక్కన పెట్టేయనక్కర్లేదు. ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న ఒకటి దొరికిందనుకోండి, చాలు. స్కోరు 90కి తగ్గకుండా ఉండి, ఇంకొన్ని షరతులు కూడా తీరితే టాప్ రేటెడ్ బ్యాడ్జీ వస్తుంది. నూటికి నూరు ఉన్నవాళ్లంతా మీ పనికి సరిపోతారని కాదు. గంటా రెండు గంటల చిల్లర పనులు వరసగా చేసినా ఆ నూరు వస్తుంది. మూడు నెలల ప్రాజెక్టుని ఆ మనిషి మోయగలడా అన్నది అందులో తేలదు.

స్కోరు కన్నా, ప్రొఫైల్‌లో దాని కింద ఉండే వర్క్ హిస్టరీకి (పాత పనుల జాబితాకి) పది నిమిషాలు ఇవ్వండి. అందులో పనికొచ్చేవి మూడు: ఒకే క్లయింట్ మళ్లీ పిలిచాడా, అన్నిటికన్నా పెద్ద కాంట్రాక్టు ఎన్ని గంటలు నడిచింది, రివ్యూలో పని పేరు చెప్పి మెచ్చుకున్నారా. ‘గుడ్ జాబ్, థాంక్స్’ అన్నవి లెక్కలోకి రావు. ‘పాత డేటాబేస్‌ని కొత్తదానికి మార్చేటప్పుడు డూప్లికేట్లు ముందే పట్టుకుని చెప్పాడు’ లాంటి వాక్యం ఒక్కటి కనపడితే పది బ్యాడ్జీల పెట్టు.

ఇక జాబ్ పోస్ట్, అంటే ఫలానా పని ఉందని మీరు పెట్టే ప్రకటన. ఎక్కువమంది పని చెడగొట్టుకునేది ఇక్కడే. ‘అనుభవం ఉన్న డేటా ఎక్స్‌పర్ట్ కావాలి’ అని రాస్తే అచ్చు పోసినట్టుండే ప్రపోజళ్లు (ఫ్రీలాన్సర్లు పంపే దరఖాస్తులు) పదుల్లో వచ్చి పడతాయి. చేతికి ఏం రావాలో రాయండి: ఎన్ని ఫైళ్లు, ఏ ఫార్మాట్‌లో, ఎప్పటికి, పూర్తయిందని ఎలా తేలుస్తారు. చేయనక్కర్లేనివి కూడా ఒక లైన్‌లో చెప్పేయండి, తర్వాత బేరాలు ఉండవు. పోస్టు పూర్తిగా చదివారో లేదో తేల్చుకోవడానికి పెట్టే ‘మొదటి లైన్‌లో ఫలానా మాట రాయండి’ అనే పాత చిట్కా ఇప్పుడు చెల్లదు. కవర్ లెటర్లు ఏఐతో రాయిస్తున్నారు, పోస్టులో ఉన్న సూచనని అది చక్కగా పాటించేస్తుంది.

దానికన్నా నమూనా ఫైలు ఒకటి జత చేసి, దాన్ని తెరిచి చూస్తేనే జవాబు చెప్పగలిగే ప్రశ్న పెట్టడం నయం. ఉదాహరణకి కస్టమర్ల జాబితా శుభ్రం చేసే పని అనుకోండి. నలభై వరసల షీటు పెట్టండి. తేదీల కాలమ్‌లో కొన్ని రోజు ముందు, కొన్ని నెల ముందు ఉండేలా చూడండి. పదిహేడో వరసలో 03-04-2022 అని ఉంది. అది ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? ‘ఈ షీటులో పని మొదలుపెట్టే ముందు మమ్మల్ని ఏం అడుగుతారు?’ అన్నదే ప్రశ్న. పని తెలిసినవాళ్లు ఆ తేదీ దగ్గర ఆగుతారు. ‘ఈ వరసలు ఏ సిస్టమ్ నుంచి వచ్చాయి, ఆ సిస్టమ్‌లో తేదీ ఎలా పడుతుంది’ అని అడుగుతారు. మిగతావాళ్లు ‘అంతా అర్థమైంది, వెంటనే మొదలుపెడతాను’ అంటారు. ఈ ఫైలుని కూడా ఏఐకి ఇచ్చి జవాబు రాయించవచ్చు, నిజమే. అందుకే అదే ఫైలుని ఇంటర్వ్యూలో మళ్లీ తెరవాలి. పోస్ట్ చేసి కూర్చోకుండా, వెతికి నచ్చిన ప్రొఫైళ్లకి మీరే ఇన్విటేషన్ పంపడం కూడా మంచిది. చేతినిండా పని ఉన్నవాళ్లు చాలామంది కొత్త పోస్టుల కోసం రోజూ వెతకరు.

వచ్చిన ప్రపోజళ్లలోంచి ముగ్గురు, మహా అయితే నలుగురితో మాట్లాడితే చాలు. కాంట్రాక్టు కుదరక ముందు ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఇచ్చిపుచ్చుకోకూడదని సైట్ నియమం, కాబట్టి సైట్ మెసేజ్‌ల లోపలే వీడియో కాల్ పెట్టుకోండి. ఇరవై ఐదు నిమిషాలు సరిపోతుంది. కెమెరా ఆన్‌లో ఉండాలని ముందే చెప్పండి. ప్రొఫైల్ ఒకరిది, మాట్లాడేది ఒకరు, పని చేసేది ఇంకొకరు అయ్యే బాపతు ఈ రంగంలో ఉంది. ఏజెన్సీ తరఫున వచ్చినవాళ్లని ‘ఫైలు తెరిచి పని చేసేది మీరేనా’ అని సూటిగా అడగండి. ఏజెన్సీ అయితే తప్పేం లేదు, చెప్పకపోతేనే తప్పు.

‘మీ బలాలు, బలహీనతలు చెప్పండి’ లాంటి ప్రశ్నలతో టైమ్ పోగొట్టుకోవద్దు. పాత పని ఒకటి తెరిచి స్క్రీన్ షేర్ చేయమనండి. అందులో తన చేతి మీదుగా జరిగింది ఎంత, వేరేవాళ్లు చేసింది ఎంత, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు అని అడగండి. సొంతంగా చేసినవాళ్లు వెంటనే చిన్న చిన్న వివరాల్లోకి దిగుతారు, ఫలానా క్లయింట్ మధ్యలో మనసు మార్చుకున్న సంగతి కూడా చెబుతారు. చేయనివాళ్ల మాట టూల్స్ పేర్ల దగ్గరే తిరుగుతుంది. రహస్య ఒప్పందం ఉందని పని చూపించలేనివాళ్లూ ఉంటారు. అప్పుడు మీ నమూనా షీటునే తెరిచి, ఏ వరుసలో ఏం చేస్తారో పైకి చెప్పమనండి. ఆ తర్వాత లెక్కలు: చేతిలో ఇంకెన్ని పనులున్నాయి, వారానికి నిజంగా ఎన్ని గంటలు ఇవ్వగలరు, మీ పనివేళల్లో ఎన్ని గంటలు ఆన్‌లైన్‌లో ఉంటారు. ‘గడువు తప్పేలా ఉంటే ఎప్పుడు చెబుతారు?’ అన్నది చివర్లో. ‘నాకు అలా జరగదు’ అన్నవాళ్ల కన్నా ‘సగం దారిలో తేడా కనపడగానే’ అన్నవాళ్లు మేలు.

ఇంటర్వ్యూ ఎంత బాగా జరిగినా అక్కడితో పని అప్పగించేయకండి. చివరికి మిగిలిన ఇద్దరికీ ఒకే చిన్న పని, రెండు మూడు గంటల్లో తేలేది, విడి కాంట్రాక్టుగా డబ్బిచ్చి చేయించండి. ఉచితంగా శాంపిల్ చేయమనడం ఇక్కడ నియమాలకి విరుద్ధం. పైగా నిజంగా పని తెలిసినవాళ్లు ఊరికే చేయరు, కాబట్టి వడపోత తిరగబడుతుంది. పని అసలు ప్రాజెక్టులోని ముక్కే అయి ఉండాలి. సూచనల్లో ఒకచోట కావాలని కొంచెం ఖాళీ వదలండి. వచ్చిన ఫైలు ఎంత అందంగా ఉందన్నది తర్వాత. ఆ ఖాళీ దగ్గర అడిగారా, ఊహించి చేసి ఆ ఊహని రాసిపెట్టారా, చెప్పకుండా దాటేశారా? మొదటి రెండూ ఫర్వాలేదు. మూడోది రేపు పెద్ద పనిలో మీకు తెలియకుండానే జరుగుతుంది. ఇద్దరికీ ఒకే సూచనలు, ఒకే గడువు ఇవ్వకపోతే ఈ పోలికకి అర్థం ఉండదు.

కాంట్రాక్టుల దగ్గర సైట్ తన పని బాగా చేస్తుంది, దాని మీటలు ఏవి ఎక్కడున్నాయో తెలిస్తే. ఫిక్స్‌డ్ ప్రైస్‌లో, అంటే పని మొత్తానికి ఒక ధర అనుకున్నప్పుడు, మైల్‌స్టోన్ (పనిలో ఒక్కో దశ) సొమ్ము మీరు ముందే జమ చేస్తారు. అది ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉంటుంది, ఫ్రీలాన్సర్ చేతికి వెళ్లదు. పని సమర్పించాక చూసుకోవడానికి మీకు 14 రోజులు. ఈలోగా ఒప్పుకోకపోయినా, మార్పులు అడగకపోయినా సొమ్ము దానంతటదే విడుదలైపోతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడ: ‘ఇంకా కొన్ని మార్పులున్నాయి’ అని మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. మెసేజ్ వల్ల గడియారం ఆగదు, సమర్పించిన పని దగ్గర ఉండే మార్పులు కోరే బటనే నొక్కాలి. ఒక్కో మైల్‌స్టోన్ వారం, పది రోజుల పనికి మించకుండా కోసుకోండి, దేనికదే మీరు వాడుకోగలిగేలా ఉండాలి.

అవర్లీ, అంటే గంటల లెక్కన డబ్బిచ్చే కాంట్రాక్టులో వర్క్ డైరీ ఉంటుంది. ఫ్రీలాన్సర్ కంప్యూటర్‌లో ట్రాకర్ నడుస్తున్నంతసేపు పది నిమిషాలకి ఒకటి చొప్పున స్క్రీన్‌షాట్ తీస్తుంది, కీబోర్డు, మౌసు కదలికలు లెక్కపెడుతుంది. ఆ కదలికల పట్టీ చూసి మనుషుల్ని కొలవకండి, డిజైన్ గురించి ఆలోచించే మనిషి మౌసు కదపడు. మెమోలు, అంటే ఏం పని చేస్తున్నారో వాళ్లు రాసే చిన్న నోట్లు చదవండి. మూడు రోజులు వరసగా ‘వర్కింగ్ ఆన్ ప్రాజెక్ట్’ అనే ఉంటే అప్పుడు అడగాలి. మొదట్లోనే వారానికి గంటల పరిమితి తక్కువగా పెట్టండి, పెంచడం తేలిక. చేతితో గంటలు రాసుకునే వీలుని అవసరమైతే తప్ప ఆపేసి ఉంచండి. వారం లెక్క ఆదివారంతో ముగుస్తుంది, ఆ తర్వాత అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే ఉంటాయి. సోమవారం ఉదయం డైరీ చూడటం అలవాటు చేసుకోండి.

సైట్ పట్టించుకోని సంగతి ఒకటుంది: పాస్‌వర్డులు. ప్రధాన ఖాతాది ఎవరికీ ఇవ్వొద్దు, తక్కువ హక్కులతో విడి లాగిన్ చేసి ఇవ్వండి. కోడ్ అయితే మొదటి రోజు నుంచే మీ రిపాజిటరీలో (కోడ్ దాచుకునే చోట) పడాలి, చివర్లో జిప్ ఫైలుగా కాదు.

ఖర్చు విషయానికొస్తే, ఫ్రీలాన్సర్ నుంచి సైట్ కొంత కోసుకుంటుంది, మీ నుంచీ అదనంగా ఫీజు తీసుకుంటుంది. 2023లో ఫ్రీలాన్సర్ల కోత అందరికీ 10 శాతం చేశారు, 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకి అది సున్నా నుంచి 15 శాతం వరకు మారుతోంది. అంటే మీరు బేరమాడి తగ్గించిన రేటు మీద ఆ కోత కూడా పడుతుంది. మరీ నొక్కితే మంచివాళ్లు మధ్యలోనే వదిలేసి పోతారు.

పోటీ సైట్లతో పోల్చాలంటే, లోగో, వాయిస్ ఓవర్ లాంటి ముక్క పనులకి ఫైవర్ సులువు. ప్యాకేజీ కొనడమే, ఇంటర్వ్యూ తతంగం లేదు. అక్కడ డెలివరీ వచ్చాక 3 రోజులు ఏమీ అనకపోతే ఆర్డర్ పూర్తయిపోతుంది, కాబట్టి ఇంకా చురుగ్గా ఉండాలి. టాప్‌టాల్ ముందే వడకట్టిన మనుషుల్ని చూపిస్తుంది, ఆ వడపోతకి తగ్గట్టే రేట్లూ ఉంటాయి. ఇంటర్వ్యూ చేసే తీరిక లేని కంపెనీలకి అది నప్పుతుంది. నెలల తరబడి నడిచే పనికి, ఏరుకునే ఓపిక ఉన్నవాళ్లకి అప్‌వర్కే మెరుగు.

మనిషి కుదిరాక ‘నేరుగా చేసుకుందాం, ఫీజు మిగులుతుంది’ అనే మాట ఏదో ఒక వైపు నుంచి వస్తుంది. సైట్‌లో పరిచయమైన దగ్గర్నుంచి రెండేళ్ల దాకా చెల్లింపులు అక్కడే జరగాలన్నది షరతు. ముందే బయటికి రావాలంటే కన్వర్షన్ ఫీజు కట్టాలి, లేకపోతే ఖాతా మూతపడొచ్చు. పని అయిపోతే కాంట్రాక్టుని ఊరికే తెరిచి ఉంచకుండా మూసేయండి. ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్‌కి ఇద్దరికీ 14 రోజులుంటాయి. ఇద్దరూ ఇచ్చేదాకా, లేదా ఆ గడువు దాటేదాకా ఒకరిది ఒకరికి కనపడదు. బదులుగా ఏం రాస్తారో అన్న బెంగ లేకుండా ఉన్నది ఉన్నట్టు రాసేయొచ్చు.