కాలువ గట్టు మీది పాత బంగళా మ్యూజియం

మా డెల్టా పట్టణంలో కాలువ గట్టున ఉన్న పాత బంగళాలో నడిచే మ్యూజియాన్ని గత ఆదివారం పిల్లలతో కలిసి చూశాను. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను వివరించే పటాలు, కాలువలో పడవలను దాటించే లాకుల తలుపుల నమూనాలు ఎంతో శ్రద్ధగా అమర్చారు. అక్కడి ఉద్యోగి నీటి మట్టం మార్చి పడవను ఎలా దాటిస్తారో ఓపికగా వివరించారు.

అయితే నా మనసంతా పైకప్పు మీదే నిలిచిపోయింది. టేకు దూలాలపై సన్నని ఇటుకలను సున్నంతో పేర్చిన మద్రాసు టెర్రస్ అది. ఒక మూల చెమ్మ దిగి, పటాల అద్దాల వెనుక బూజు కనిపిస్తోంది. గతంలో పగుళ్లను సిమెంటుతో పూడ్చారు. సున్నపు గోడ తనలోని తేమను బయటికి వదలాలి కానీ, సిమెంటు పూత దానిని లోపలే బంధించి ఇటుకను పిండి చేస్తుంది. కనుక డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన మేస్త్రీలనే పిలిపించాలి, అదీ తుపానుల కాలానికి ముందే.

మరమ్మతు నిధికి హుండీ పెట్టారు, రసీదు ఇస్తున్నారు, నేనూ వేశాను. కానీ చిల్లర విరాళాలతో దూలాలు మారవు. వారసత్వ సంరక్షణ కోసం కేంద్ర ప్రభుత్వం 1996లో ఏర్పరచిన జాతీయ సంస్కృతి నిధి, 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు సామాజిక బాధ్యతకు వెచ్చించవలసిన 2 శాతం లాభం, ఈ రెండింటికీ నిర్వాహకులు అంచనాలతో సహా దరఖాస్తు చేయాలని నా విన్నపం. వసూలైన మొత్తాన్ని, ఖర్చును గుమ్మం దగ్గరి బోర్డు మీద రాస్తే ఇచ్చేవారు ఇంకా ముందుకు వస్తారు.

ప్రదర్శనకు ఐదుకు నాలుగు మార్కులు, భవన సంరక్షణకు రెండు.