అడాలిముమాబ్ ఇంజెక్షన్: కీళ్లవాతం ఉన్న ఒక టైలర్ అనుభవం

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. రుమటాయిడ్ కీళ్లవాతం ముదిరాక పొద్దున పూట కత్తెరలో వేళ్లు దూరేవి కావు. హుక్కులు కుట్టాలంటే సూది పట్టు చిక్కేది కాదు. ఈ జబ్బుకి ముందు నుంచీ వాడుతున్న మెథోట్రెక్సేట్ అనే మందు ఒక్కటే సరిపోవడం లేదని డాక్టరుగారు దానికి తోడు అడాలిముమాబ్ రాశారు. నాది మన దేశంలో తయారైన బయోసిమిలర్, అంటే అసలు బ్రాండు మందుకి దాదాపు సరిసమానంగా వేరే కంపెనీ చేసింది. రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు, మందు నింపి ఉన్న సిరంజిలో వస్తుంది.

అదేం పని చేస్తుందో తెలిశాకే నాకు నమ్మకం కుదిరింది. ఈ జబ్బులో మన రోగనిరోధక కణాలే కీళ్లలోకి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 అనే ప్రొటీన్లను వదులుతాయి. వాటి కబురు అందగానే ఎముకల చివర్లను మెత్తగా కప్పి ఉండే గుజ్జులోని కణాలు, కీలు పొరలోని కణాలు కోత పెట్టే ఎంజైములను తయారుచేస్తాయి. కొన్ని ఎంజైములు గుజ్జులో నీటిని పట్టి ఉంచే ఆగ్రెకాన్‌ను ముక్కలు చేస్తాయి. ఎంఎంపీ-13 లాంటివి కొల్లాజెన్ పోగులనే తెంపుతాయి. బట్టకు పడుగు పేకలెలాగో గుజ్జుకు ఆ పోగులు అలాగ. గుజ్జులో రక్తనాళాలు ఉండవు కాబట్టి ఒకసారి పోయింది సరిగా తిరిగి పెరగదు. నొప్పి గోలీలు నొప్పిని తగ్గిస్తాయే గానీ ఈ కోతను ఆపలేవు. అడాలిముమాబ్ టీఎన్ఎఫ్‌ను పట్టేసి ఆ కబురు చేరకుండా చూస్తుంది.

వేసుకోవడం కష్టమేం కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి, తొడకి గుచ్చుకుంటాను. లోపలికి వెళ్లేటప్పుడు చురుక్కుమంటుంది. కొన్ని వారాలకి పొద్దుటి బిగుతు తగ్గింది, వేలి కణుపుల వాపు దిగింది. ఇప్పుడు కాజాలు నేనే కుట్టుకుంటున్నాను. ముందే వంకరపోయిన చిటికెనవేలు మాత్రం అలాగే ఉంది.

ఖర్చు భారమే. నాలాంటి వాళ్లు ఇంట్లో లెక్క చూసుకునే మొదలుపెట్టాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు ఇది, గడ్డకట్టకూడదు కూడా. ఒక షాపులో ఐస్ ప్యాక్ లేకుండా ఉత్త కవర్లో పెట్టి ఇచ్చారు. అక్కడే తిరిగిచ్చేశాను. మీరూ తీసుకోకండి.

మొదలుపెట్టే ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు తప్పనిసరి. ఒంట్లో నిద్రపోతున్న టీబీని అదుపులో ఉంచేదీ ఆ టీఎన్ఎఫ్ఫే. జ్వరమొస్తే తర్వాతి డోసు వేసుకోకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

మా పక్కింటి పిన్నిగారు తన మోకాళ్లకీ ఇదే కావాలన్నారు. ఆవిడవి వయసుతో అరిగిన మోకాళ్లు. ఆ అరుగుదలలోనూ ఈ ప్రొటీన్ల పాత్ర కొంత ఉంది గానీ, టీఎన్ఎఫ్‌ను ఆపే మందులు అక్కడ పరీక్షల్లో ఫలితం చూపలేదు. ఆవిడకు ఫిజియోథెరపీ, తొడ కండరాలకి వ్యాయామం చెప్పారు. రోజూ సాయంత్రం మా వరండాలోనే చేస్తున్నారు.