మూడు రాత్రులు, మూడు బసలు: చుక్కలు ఎక్కడ బాగా కనిపించాయంటే

మే నెల అమావాస్య చూసుకుని నేనూ మా తమ్ముడూ మూడు రాత్రులు మూడు చోట్ల బస చేశాం. గది సంగతి తర్వాత, దక్షిణం వైపు ఆకాశం తెరిపిగా ఉందా, రాత్రి లైట్లు ఆపుతారా అన్నదే ముందు అడిగాం.

మొదటిది కొండ మీద లాడ్జి. గది శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదస్తులు, కానీ తోటలో రాత్రంతా ఫ్లడ్‌లైట్లే, ఆపడం కుదరదన్నారు. డాబా మీంచి మహా అయితే యాభై చుక్కలు కనిపించి ఉంటాయి. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందు ఇలాంటి చోటే మంచిదంటాను, ఎందుకంటే మసక చుక్కలన్నీ ఆ వెలుగులో కొట్టుకుపోయి పెద్దవే మిగులుతాయి, గుర్తుపట్టడం తేలిక. ఉత్తరాన సప్తర్షి మండలంలో ఆరు చుక్కలు బాగానే ఉన్నాయి, తోక మొదలయ్యే చోట ఉండే అత్రి మాత్రం కళ్లు చికిలిస్తే గానీ దొరకలేదు. ఆ తోక వంపునే అలా పొడిగించుకుంటూ పోతే నారింజ రంగులో స్వాతి, ఇంకాస్త సాగదీస్తే నీలం కలిసిన తెలుపులో చిత్త.

రెండోది సరస్సు ఒడ్డున టెంట్లు. దక్షిణం మొత్తం నీళ్లే, అడ్డేమీ లేదు. టెలిస్కోపుతో ఆకాశం చూపించే కార్యక్రమం కూడా ఉంది గానీ ముప్ఫై మందికి ఒక్కటే టెలిస్కోపు, వంతు వచ్చేసరికి పది సెకన్లు కూడా నిలబడనివ్వలేదు. చూపించినతనికి విషయం బాగా తెలుసు, వశిష్ఠుడి పక్కన అరుంధతిని లేజర్‌తో చూపిస్తే అందరికీ మామూలు కంటికే దొరికింది. ఫోన్ ఫ్లాష్‌లు ఆపించలేకపోవడమే పెద్ద లోటు, కళ్లు చీకటికి అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది, ఒక్క ఫ్లాష్‌తో అదంతా మళ్లీ మొదటికి వస్తుంది. పైగా బైనాక్యులర్ అద్దాల నిండా మంచు.

మూడోది పొలాల మధ్య ఇల్లు. బాత్‌రూమ్ బయట ఉంది, మంచాలు పాతవి. "అన్నా, వరండా లైటు కాసేపు ఆపుతారా?" అంటే, "కాసేపేంటి తమ్ముడూ, మెయినే ఆపేస్తా, పడుకునేటప్పుడు చెప్పండి" అన్నాడా ఇంటాయన.

చాప మీద వెల్లకిలా పడుకున్నాక మొదటి పది నిమిషాలు నాకేమీ అర్థం కాలేదు, అన్ని చుక్కలున్నాయి! ఎర్రటి జ్యేష్ఠ కనబడ్డాకే దారి దొరికింది. దానికి అటూ ఇటూ చెరో చుక్క, అక్కణ్ణుంచి కిందికి దిగి వంపు తిరిగిన వృశ్చిక రాశి తేలు తోక, కొండి దగ్గర మూలా నక్షత్రం. కొండికి కాస్త ఎడమగా బైనాక్యులర్ పెడితే చక్కెర పలుకులు చల్లినట్టు ఒక చుక్కల గుంపు, రెండో శతాబ్దంలోనే టాలెమీ అనే ఖగోళ శాస్త్రవేత్త రాసిపెట్టింది. మా తమ్ముడు ఇక బైనాక్యులర్ నాకివ్వలేదు.

ఒంటిగంటకి తూర్పున అభిజిత్, శ్రవణం, హంస ఆకారపు చుక్కల గుంపు తోకలోని డెనెబ్ కలిసి పెద్ద త్రికోణం కట్టాయి. వాటి మధ్యగా పాలపుంత, దాని నడుమ నల్లటి చీలిక. అభిజిత్ 25 కాంతి సంవత్సరాల దూరం, అంటే మేం చూసిన ఆ వెలుగు బయల్దేరేనాటికి మా తమ్ముడింకా పుట్టలేదు.

ఈసారి మూడు రాత్రులూ ఆ పొలంలోనే. ఆయనకి ముందే చెప్పి వచ్చాం.