గొర్రెలకు వలస మేపా, పాకలో మేపా?

2017లో తెలంగాణలో ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున యూనిట్లు పంచింది. మందలు పెరిగాయి, బీళ్లు పెరగలేదు. అందుకే ఈ ప్రశ్న.

ఖర్చు: వలసలో మేతకు పెద్దగా పడదు. పైగా రాత్రికి చేలో మంద ఆపితే, పెంట ఎరువు పడుతుందని రైతు డబ్బో, గింజలో ఇస్తాడు. పాకలో షెడ్డు, సూపర్ నేపియర్ గడ్డి, దాణా అన్నీ చేతి డబ్బే.

శ్రమ: వలసలో ఎండలో నడక, రాత్రి కాపలా. పాకలో రోజూ గడ్డి కోత, పెంట ఎత్తుడు.

ముప్పు: వలసలో కుక్కలు, లారీలు, మందు కొట్టిన పత్తి చేలు. జొన్న కోసిన చేలో లేత నాము (మోళ్ల నుంచి వచ్చే పిలకలు) తింటే గొర్రె కాసేపట్లోనే పడిపోతుంది. పాకలో ఒకదానికి పీపీఆర్ (పారుడు రోగం) వస్తే మందంతా చుట్టేస్తుంది. టీకా రెండుచోట్లా తప్పదు.

బీడు: కదిలే మంద గడ్డికి మళ్లీ చిగురించే వ్యవధి ఇస్తుంది. రోజూ అదే చెరువుగట్టున మేపితే వేరు కూడా మిగలదు.

కుటుంబం: నాకు అన్నిటికన్నా ఇదే ముఖ్యం. వలసకు పోతే పిల్లలు అవ్వ దగ్గరైనా ఉండాలి, బడైనా మానాలి. హాస్టల్ సీటు దొరికితేనే తల్లికి నిమ్మళం.

పెద్ద మంద, దక్కనీ జాతి, నడవగల మనుషులు ఉంటే వలసే. బోరు, అరెకరం గడ్డి, బడికెళ్లే పిల్లలు, పాతిక గొర్రెలు ఉంటే పాక. నీళ్లు లేకుండా మాత్రం షెడ్డు కట్టకండి.