తెలివిగానా, వివేకంతోనా?

‘తెలివిగా అప్పు ఎగ్గొట్టాడు’ అంటే ఎవరికీ వింతగా అనిపించదు. అదే ‘వివేకంతో అప్పు ఎగ్గొట్టాడు’ అని చూడండి, అస్సలు అతకదు. తెలివి మంచికీ చెడుకీ పనికొస్తుంది. వివేకంలో మంచిచెడుల విచక్షణ ముందే ఉంది.

పొలం గట్టు తగాదాలో పెద్దాయన ‘తెలివిగా మాట్లాడారు’ అని రాస్తే, ఎవరో ఒకరి వైపు మొగ్గారేమో అన్న అనుమానం మిగులుతుంది. ‘వివేకంతో మాట్లాడారు’ అంటే ఇద్దరికీ సర్దిచెప్పారని తెలుస్తుంది. ఒకరిని మెచ్చుకుంటూ రాసేటప్పుడు నేనైతే రెండోదే వాడతాను.

రోజువారీ మాటల్లో మాత్రం ‘వివేకంతో’ కాస్త బరువు. బ్యాట్స్‌మన్ బంతిని ఖాళీలోకి నెట్టి పరుగు తీస్తే ‘తెలివిగా ఆడాడు’ అంటే చాలు. నోరు జారకుండా మాట్లాడారని చెప్పాలంటే ఈ రెండూ వద్దు, ‘ఆచితూచి’ ఉండనే ఉంది.